జంతువుకు ఎంత దూరంలో నిలబడాలి

కోస్టారికా తీరంలో రాత్రిళ్లు తాబేళ్ల గుడ్లు లెక్కపెట్టడానికి కొందరు వెళతారు. దక్షిణాఫ్రికాలో సింహం పిల్లలకు సీసాతో పాలు పట్టడానికి మరికొందరు వెళతారు. వీళ్లలో ఎక్కువమంది యూరప్, అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చిన చదువుకునే వయసు పిల్లలే. రెండు వారాలకు రెండు మూడు వేల డాలర్లు కట్టడం మామూలు, విమానం టికెట్ దానికి అదనం. రెండు పనులూ ప్రకటనల్లో పక్కపక్కనే కనిపిస్తాయి, రెండింటికీ వన్యప్రాణి సంరక్షణ అనే పేరే ఉంటుంది. వెళ్లేవాళ్ల మనసు కూడా ఒకటే. కానీ మొదటి పని ఒక జాతి కోలుకోవడానికి తోడ్పడింది, రెండో పని ఒక క్రూరమైన వ్యాపారాన్ని పోషించింది. విదేశాలకు వెళ్లి అడవి జంతువుల కోసం వలంటీరుగా పనిచేయడం మంచిదా కాదా అని మొత్తంగా అడిగితే జవాబు దొరకదు. ఏ పని, ఎవరి కింద, జంతువుకు ఎంత దూరంలో నిలబడి అని అడగాలి.

ఈ ఏర్పాటు పుట్టింది నిజమైన అవసరంలోంచే. 1971లో అమెరికాలోని బోస్టన్‌లో ఎర్త్‌వాచ్ అనే సంస్థ మొదలైంది. అడవుల్లో, తీరాల్లో ఏళ్ల తరబడి ఒకే విషయాన్ని గమనించే శాస్త్రవేత్తలకు గ్రాంట్లు ఎప్పుడూ చాలవు. మామూలు జనం తమ ఖర్చు తామే పెట్టుకుని, పరిశోధనకు కూడా కొంత కట్టి, శాస్త్రవేత్త చెప్పిన పని చేసిపెడితే ఆయనకు నిధులూ దొరుకుతాయి, చేతులూ దొరుకుతాయి. ఆ తర్వాత బ్రిటన్‌లో 1984లో ఆపరేషన్ రాలీ, 1986లో పగడపు దిబ్బల సర్వేల కోసం కోరల్ కే కన్జర్వేషన్, 1995లో ఇండోనేషియాలో పనికి ఆపరేషన్ వాలేసియా వచ్చాయి. స్కూలు చదువుకీ యూనివర్సిటీకీ మధ్య ఒక ఏడాది లోకం చూసిరావడం అక్కడి ఉన్నత, మధ్యతరగతి ఇళ్లలో ఆనవాయితీ కావడంతో గిరాకీ పెరిగింది. గిరాకీ వెనకే మధ్యవర్తులు వచ్చారు. ఏ ప్రాజెక్టుతోనూ నేరుగా సంబంధం లేని కంపెనీలు కమీషన్ మీద అవకాశాలు అమ్మడం మొదలుపెట్టాయి. శాస్త్రవేత్తకు ఏం కావాలన్నది వెనక్కి పోయి, వచ్చేవాళ్లకు ఏం కావాలన్నది ముందుకొచ్చింది అక్కడే. వచ్చేవాళ్లకు కావలసింది దాదాపు ఎప్పుడూ ఒకటే: జంతువును ముట్టుకోవడం.

ముందు బాగా జరిగిన పని చూద్దాం. కోస్టారికా కరీబియన్ తీరంలో టోర్టుగేరో అనే చోట 35 కిలోమీటర్ల పొడవున పచ్చ సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే బీచ్ ఉంది. ఫ్లోరిడా యూనివర్సిటీకి చెందిన ఆర్చీ కార్ 1950ల్లో అక్కడ తాబేళ్లను గమనించడం మొదలుపెట్టారు. 1959లో ఆ పనికి అండగా ఒక సంస్థ ఏర్పడింది, దాన్నే ఇప్పుడు సీ టర్టిల్ కన్జర్వెన్సీ అంటున్నారు. అప్పట్లో మాంసం కోసం, గుడ్ల కోసం ఆ తీరాన్ని ఊడ్చేసేవారు.

అక్కడ వలంటీరు చేసే పని ఇలా ఉంటుంది. చీకటి పడ్డాక నల్లటి బట్టలు వేసుకుని ఇసుకలో గంటల తరబడి నడవాలి. తెల్లటి లైటు వాడకూడదు, ఎర్ర లైటు ఒక్కటే. తాబేలు ఒడ్డుకెక్కిన జాడ కనిపిస్తే ఆగిపోవాలి. అది చోటు చూసుకుని, వెనక రెక్కలతో గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టడం మొదలుపెట్టేదాకా ఎవరూ కదలకూడదు. అంతకుముందే అలికిడైతే తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతుంది. గుడ్లు పడడం మొదలయ్యాక బెదురు తగ్గుతుంది. అప్పుడు ఒకరు వెనక ఇసుకలో బోర్లా పడుకుని, చేతొడుగు వేసుకున్న చెయ్యి గోతిలోకి చాచి, పడే ఒక్కో గుడ్డునూ లెక్కపెడతారు. పింగ్‌పాంగ్ బంతంత గుడ్లు, ఒక్కో గూటికి నూరు పైచిలుకు. గుడ్లు పెట్టడం పూర్తయ్యాక డిప్ప పొడవు కొలుస్తారు, ముందు రెక్కకు లోహపు బిళ్ల ఉందో లేదో చూస్తారు, లేకపోతే వేస్తారు. బిళ్ల వేసే చెయ్యి శిక్షణ పొందినవాళ్లదే. వలంటీరు నంబరు రాసుకుంటాడు. చాలా రాత్రులు ఏ తాబేలూ రాదు. అప్పుడు కూడా రాలేదని రాయాలి.

ఈ విసుగు పుట్టించే లెక్కే అసలు సంపద. 1971 నుంచి 2003 దాకా టోర్టుగేరోలో గూళ్ల సంఖ్య నాలుగు రెట్లకు పైగా పెరిగిందని తేలింది ఆ లెక్కలతోనే. వలంటీర్ల వల్లే ఇదంతా జరిగిందంటే అబద్ధం. మాంసం వ్యాపారం మీద నిషేధం వచ్చింది, 1975లో ఆ తీరం జాతీయ పార్కు అయింది, తాబేళ్లను చూడ్డానికి వచ్చేవాళ్ల మీద ఊరికి ఆదాయం మొదలైంది. అయితే చట్టం పనిచేసిందని చెప్పడానికి ఎవరో ఒకరు రాత్రంతా నడిచి లెక్క రాయాలి కదా. జాతుల స్థితిని అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2025 అక్టోబరులో తన రెడ్ లిస్ట్‌లో పచ్చ తాబేలును అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల వరుస నుంచి పెద్ద ఆందోళన అక్కర్లేని వరుసలోకి మార్చింది. ప్రపంచవ్యాప్తంగా పరిస్థితి ఇలా ఉండగా టోర్టుగేరోలో మాత్రం ఇటీవలి ఏళ్లలో గూళ్లు మళ్లీ తగ్గుతున్నాయి. ఆ సంగతి తెలిసిందీ అదే నోటు పుస్తకాల వల్ల.

అదే దేశంలో మరో తీరం కథ గురించి రాయకపోతే ఈ సమీక్ష నిజాయితీగా ఉండదు. లిమోన్ దగ్గరి మొయిన్ బీచ్‌లో హైరో మోరా సాండోవాల్ అనే 26 ఏళ్ల స్థానిక యువకుడు లెదర్‌బ్యాక్ తాబేళ్ల గుడ్లను దొంగల బారి నుంచి కాపాడేవాడు. 2013 మే 30 రాత్రి నలుగురు విదేశీ యువతులైన వలంటీర్లతో కలిసి గస్తీకి వెళ్లాడు. దుండగులు అందరినీ పట్టుకున్నారు. వలంటీర్లు ప్రాణాలతో బయటపడ్డారు. మర్నాడు తీరంలో హైరో శవం దొరికింది. 2015లో నిందితులను కోర్టు వదిలేసింది. మళ్లీ విచారణ జరిగి 2016లో నలుగురికి శిక్ష పడింది. విదేశీ వలంటీర్ల పేరుతో ఎన్ని పత్రాలు రాసినా, ప్రమాదం మోసేది ఎవరన్న ప్రశ్నకు ఆ తీరం చెప్పే జవాబును దాటలేం. నాలుగు వారాల తర్వాత వెళ్లిపోయేవాళ్లకు గుడ్ల దొంగ ముఖం తెలియదు. ఊళ్లో ఉండేవాడికి ఆ దొంగ తెలుసు, దొంగకూ ఇతను తెలుసు. వలంటీర్ల రుసుములో ఎంత భాగం స్థానిక గస్తీదారు జీతానికి, బీమాకు, వెంట పోలీసు ఉండడానికి పోతోందని ఏ సంస్థనైనా అడగవచ్చు, అడగాలి.

దూరం అన్న కొలతకు నాకు తెలిసినంతలో గొప్ప ఉదాహరణ మారిషస్. అక్కడి కెస్ట్రెల్ అనే చిన్న డేగ 1974 నాటికి అడవిలో నాలుగంటే నాలుగు కనిపించాయి. అడవులు నరికేశారు, డీడీటీ చల్లారు, బయటి నుంచి తెచ్చిన కోతులు, ముంగిసలు, పిల్లులు గూళ్లు దోచాయి. 1979లో కార్ల్ జోన్స్ అనే వేల్స్ యువకుడు అక్కడికి వెళ్లాడు. వెళ్లినవాడు దశాబ్దాల పాటు ఆ పని వదల్లేదు. గూటిలోంచి గుడ్లు తీసి పొదిగిస్తే తల్లి మళ్లీ గుడ్లు పెడుతుందన్న తెలివిని, అడవిలో అదనపు మేత పెట్టే పద్ధతిని ఓపిగ్గా అమలుచేశాడు. డేగలు వందల్లోకి వచ్చాయి. 1990 ప్రాంతంలో అడవిలో పదో పన్నెండో మిగిలిన గులాబి పావురం, అంతకంటే పెద్ద తేడా లేని స్థితికి దిగజారిన ఎకో చిలుక కూడా తేరుకున్నాయి. రెడ్ లిస్ట్‌లో 2018లో పావురానికి, 2019లో చిలుకకు ప్రమాద స్థాయి తగ్గించారు.

మారిషస్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ దగ్గర పనిచేసిన విదేశీ వలంటీర్లలో చాలామంది నెలల తరబడి ఉన్నవాళ్లు. పక్షుల కాళ్ల రంగు ఉంగరాలు చూసి ఏది ఏదో రాసుకోవడం, మేత పళ్లాలు కడగడం, గూళ్లు పరిశీలించడం వాళ్ల పని. ఇల్ ఓ ఎగ్రెట్ అనే 26 హెక్టార్ల చిన్న దీవిలో అయితే ఏళ్లపాటు కలుపు పీకుతూనే ఉన్నారు. పరాయి మొక్కలను వేళ్లతో సహా లాగి, స్థానిక నల్లచేవ చెట్ల నారు నాటారు. ఆ చెట్ల గింజలను ఒకప్పుడు తిని చల్లే రాక్షసి తాబేళ్లు మారిషస్‌లో ఎప్పుడో అంతరించాయి. వాటి బదులు అల్డాబ్రా దీవి తాబేళ్లను తెచ్చి 2000లో వదిలారు. పొద్దస్తమానం నడుం వంచి కలుపు తీసినవాళ్ల దగ్గర జంతువును ఎత్తుకున్న ఫొటో ఉండదు. అడవి మాత్రం తిరిగి వచ్చింది.

మారిషస్ మనకు పరాయి దేశం కాదు. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుంచీ, ఇతర రేవుల నుంచీ ఒప్పంద కూలీలుగా ఓడలెక్కిన తెలుగువాళ్ల సంతతి అక్కడ ఇప్పటికీ ఉంది, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. చెరకు తోటల కోసం ఆ దీవి అడవి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, బాగా మిగిలిన సహజారణ్యం రెండు శాతం కంటే తక్కువ. ఆ తోటల్లో చెమటోడ్చినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. లాభం మాత్రం వాళ్లది కాదు. తెలుగు కుర్రాడో అమ్మాయో విదేశంలో కొన్ని నెలలు పనిచేయాలనుకుంటే ఆ దీవికి వెళ్లడంలో నాకు ఒక న్యాయం కనిపిస్తుంది.

పగడపు దిబ్బల దగ్గర కూడా దూరం పాటించిన పనే నిలబడింది. 1997లో మొదటిసారి జరిగిన రీఫ్ చెక్ సర్వేలో శిక్షణ పొందిన వలంటీర్ డైవర్లు అనేక దేశాల్లో ఒకే పద్ధతిలో చేపలను, పగడాలను లెక్కించారు. ఈతగాడు దేన్నీ ముట్టడు, నీళ్లలో పలక మీద పెన్సిలుతో రాస్తాడు. మరుసటి ఏడాదే సముద్రాలు వేడెక్కి పగడాలు తెల్లబడిపోయినప్పుడు పోల్చి చూడ్డానికి ఆ లెక్కలు చేతిలో ఉన్నాయి. వలంటీర్ల లెక్క నమ్మదగినదేనా అన్న అనుమానం మొదటి నుంచీ ఉంది. కోరల్ కే వలంటీర్ల సమాచారాన్ని శాస్త్రవేత్తలు 1990ల్లోనే పరీక్షకు పెట్టారు. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే పని తేలికగా, గుర్తింపు స్పష్టంగా ఉన్నచోట కొత్తవాళ్లు బాగానే చేస్తారు, అరుదైన జాతుల దగ్గర తడబడతారు. శిక్షణ పెరిగేకొద్దీ తేడా తగ్గుతుంది.

నమీబియాలోని డామరాలాండ్ ఎడారిలో ఇంకో రకం పని ఉంది. నీళ్ల కోసం ఏనుగులు రైతుల ట్యాంకుల మీదికి వచ్చి, గొట్టాలు విరగ్గొట్టి వెళతాయి. ఈహెచ్‌ఆర్‌ఏ అనే సంస్థ వలంటీర్లతో ట్యాంకుల చుట్టూ రాతిగోడలు కట్టిస్తుంది. రాళ్లు ఏరడం, ఇసుక మోయడం, సిమెంటు కలపడం ఒక వారం. తర్వాతి వారం దూరం నుంచి ఏనుగుల జాడ తీయడం. గోడ నిలిచిన చోట రైతుకు ట్యాంకు మిగులుతుంది, ఏనుగుకు తుపాకి గుండు తప్పుతుంది. అయితే ఆ గోడ ఊరి మేస్త్రీ కట్టలేడా? కట్టగలడు, ఇంకా బాగా కట్టగలడు. కానీ అతనికి కూలీ ఎవరిస్తారు? వలంటీరు తెచ్చే డబ్బే సిమెంటుకూ, ఊళ్లో శాశ్వతంగా ఉండే సిబ్బందికీ పోతుంది కనుక ఆ చేతులను ఒప్పుకోవాలి. డబ్బు ఎటు పోయిందో చూపించలేని చోట అదే గోడ ఊరివాడి కూలి పోగొట్టినట్టు అవుతుంది.

ఇక చేతులు జంతువు మీద పడ్డ కథలు.

దక్షిణాఫ్రికాలో బోనుల్లో పెంచే సింహాలు 8 వేల దాకా ఉన్నాయని అంచనా, ఫారాలు 300కు పైనే. పుట్టిన కొన్ని గంటల్లో, రోజుల్లో పిల్లను తల్లి నుంచి తీసేస్తారు. పాలిచ్చే పని లేని తల్లి త్వరగా మళ్లీ ఎదకు వస్తుంది. ఆ పిల్లలకు సీసాతో పాలు పట్టడానికి డబ్బు కట్టిన వలంటీర్లు వస్తారు. ఇవి తల్లి వదిలేసిన అనాథలని, పెద్దయ్యాక అడవిలో వదులుతామని వాళ్లకు చెబుతారు. పెరిగాక అవే సింహాలతో పర్యాటకులు నడుస్తారు. ఆ తర్వాత వాటిలో చాలా భాగం కంచె వేసిన స్థలంలో డబ్బిచ్చిన వేటగాడి తుపాకి ముందుకు వెళతాయి. ఎముకలు ఆగ్నేయాసియాకు ఎగుమతి అయ్యేవి. 2017లో ప్రభుత్వమే 800 అస్థిపంజరాల ఎగుమతికి కోటా ఇచ్చింది. జంతువుల సంక్షేమాన్ని లెక్కలోకి తీసుకోకుండా కోటాలు ఇవ్వడం చెల్లదని 2019లో హైకోర్టు చెప్పింది. ఈ గొలుసు మొత్తాన్ని బయటి ప్రపంచానికి చూపింది 2015 నాటి బ్లడ్ లయన్స్ అనే డాక్యుమెంటరీ. మోసపోయిన వలంటీర్ల గొంతూ అందులో ఉంది. 2021 మేలో మంత్రి బార్బరా క్రీసీ ఈ పెంపకానికి స్వస్తి చెప్పే దిశగా వెళతామని ప్రకటించారు. ఫారాలు మాత్రం ఇంకా మూతపడిపోలేదు.

చేతులతో పెంచిన సింహం పిల్లను అడవిలో వదలవచ్చన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. కెన్యాలో జాయ్ ఆడమ్సన్, ఆమె భర్త పెంచి అడవికి పంపిన ఎల్సా కథ 1960లో బార్న్ ఫ్రీ పుస్తకంగా వచ్చి లోకమంతా చదివింది. ఎల్సా అడవిలో పుట్టిన సింహం. తల్లి తుపాకి దెబ్బకు చనిపోయాక అనాథ అయింది, ఆ దంపతులు నెలల తరబడి అడవిలోనే ఉండి దానికి వేట అలవాటు చేశారు. ఫారంలో పుట్టి, వారానికొక కొత్త మనిషి ఒళ్లో పెరిగిన పిల్లకు ఆ దారి లేదు. మనిషంటే భయం పోయిన సింహాన్ని ఏ అడవీ తీసుకోదు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అసలే తీసుకోరు. సింహం పిల్లను ఎత్తుకోనిచ్చే ఏ చోటైనా సంరక్షణ కేంద్రం కాదు అని ఈ ఒక్క సందర్భంలో మినహాయింపు లేకుండా చెబుతాను.

కోతిజాతుల దగ్గర ప్రమాదం మన ఊపిరిలోనే ఉంది. కోట్ డివార్‌లోని టాయి అడవిలో చింపాంజీలు ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోతే, మనుషుల్లో మామూలు జలుబు తెచ్చే వైరస్‌లు వాటిలో కనిపించాయని 2008లో తేల్చారు. వాటిని కాపాడే పరిశోధకుల నుంచే అవి సోకి ఉండవచ్చు. అందుకే వానరాలకు కనీసం ఏడు మీటర్ల దూరం పాటించాలని ఐయూసీఎన్ నిపుణులు మార్గదర్శకాలు ఇచ్చారు. ఒరాంగుటాన్ పిల్ల ఏడెనిమిదేళ్లు తల్లిని అంటిపెట్టుకుని ఉంటుంది. రెండు వారాలకొకరు మారే చేతులు ఆ తల్లి స్థానం భర్తీ చేయలేవు. బోర్నియోలో 1964 నుంచి పనిచేస్తున్న సెపిలోక్ లాంటి కేంద్రాల్లో అనాథ పిల్లకు కావలసింది ఏళ్ల తరబడి ఉండే అదే సంరక్షకుడు. బయటివాళ్లకు అక్కడ పళ్లు కోయడం, చెక్కపని, శుభ్రత లాంటి పనులు మిగులుతాయి. వాటితో తృప్తిపడేవాళ్లే అక్కడికి వెళ్లాలి.

ఏనుగుల సంగతి ఇంత సూటిగా లేదు. 1989లో థాయిలాండ్ కలప నరకడం నిషేధించాక దుంగలు లాగే ఏనుగులకూ మావటీలకూ పని పోయింది. పర్యాటకమే దిక్కయింది. సవారీల మీద విమర్శలు పెరిగాక ఎన్నో శిబిరాలు బోర్డు మార్చి శరణాలయాలయ్యాయి. సవారీ పోయి స్నానం వచ్చింది. పదిమంది కొత్తవాళ్లు రోజూ చుట్టూ చేరి నీళ్లు చల్లడం ఏనుగుకు విశ్రాంతి కాదు, మనిషికి క్షేమమూ కాదు. 2025 జనవరిలో అక్కడ ఏనుగుకు స్నానం చేయిస్తూ స్పెయిన్ విద్యార్థిని ఒకామె ఏనుగు దాడిలో చనిపోయింది. మరోవైపు 2020లో కరోనాతో పర్యాటకులు ఆగిపోగానే మేత కొనే దారిలేక వందకు పైగా ఏనుగులను చియాంగ్ మాయ్ శిబిరాల నుంచి కరెన్ తెగల సొంత ఊళ్లకు నడిపించుకుపోయారు. విదేశీ డబ్బు మీదే బతుకు నిలబెట్టడంలో ఎంత అపాయముందో ఆ ఏడాది చూపింది.

సంరక్షణ అవసరం ఉన్నచోటికే వలంటీర్లు వెళ్తున్నారా అన్నది ఇంకో ప్రశ్న. బ్రిటన్ నుంచి వెళ్లేవాళ్ల మీద జేమీ లారిమర్ అనే భూగోళ శాస్త్రవేత్త 2009లో ఆరిక్స్ పత్రికలో రాశారు. జంతువు ఎంత ఆకర్షణీయంగా ఉంది, దేశం ఎంత సురక్షితం, ఎంత సులువుగా చేరవచ్చు అన్నవే ఈ ప్రయాణాల దిశను చాలావరకు నిర్ణయిస్తాయి. కప్పలకు, నత్తలకు, నదిలో చేపలకు డబ్బు కట్టి వచ్చేవాళ్లు తక్కువ.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. సంరక్షణ రంగంలో ఉద్యోగం కావాలంటే క్షేత్రానుభవం అడుగుతారు. ఆ అనుభవాన్ని డబ్బు కట్టి కొనుక్కోవలసి వస్తే, అది కలిగినవాళ్ల పిల్లలకే దొరుకుతుంది. కెన్యా, పెరూ కుర్రాళ్లకు సొంత దేశపు అడవిలోనే ఆ చోటు అందదు. మన దగ్గర జువాలజీలో ఎమ్మెస్సీ చేసిన పిల్లల పరిస్థితీ అదే. నల్లమలలో అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో కాపలా తిరిగే చెంచులు పులి అడుగు చూసి ఎంత సేపటి కిందట వెళ్లిందో చెప్పగలరు, వాళ్లకిచ్చేది కూలీ. ఏ దేశంలోనైనా మంచి ప్రాజెక్టు విదేశీ వలంటీరు రుసుముతో ఒక స్థానిక శిక్షణార్థికి జీతం ఇస్తుంది. ఆ ఏర్పాటు ఉన్నచోటును నేను మొదటి వరుసలో పెడతాను.

తెలుగువాళ్లు లక్షల్లో ఇప్పటికే విదేశాల్లో ఉన్నారు. వాళ్లకు ఇంకో విమానం ఎక్కవలసిన అవసరమే లేదు. అమెరికాలో 1900 నుంచి ఏటా జరిగే క్రిస్మస్ పక్షుల లెక్కింపులో ఎవరైనా చేరవచ్చు. అక్కడి జాతీయ పార్కుల్లో వలంటీర్ల కార్యక్రమం 1970 నుంచీ ఉంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు చేరేముందు కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో ఒక మాట అడిగి తీరాలి. థాయిలాండ్‌తో సహా చాలా దేశాల్లో జీతం లేని పనికైనా టూరిస్ట్ వీసా చాలదు, మధ్యవర్తి ఏమీ కాదని చెప్పినా నమ్మకూడదు.

ఇక్కడి నుంచి వెళ్లాలనుకునేవాళ్లు ముందు కోరంగి వైపు చూడాలని నా సలహా. మారిషస్‌కు ఓడలు కదిలిన ఆ రేవు చుట్టూ ఇప్పుడు మడ అడవుల అభయారణ్యం ఉంది, చేపలు పట్టి తినే బావురు పిల్లులు అందులో తిరుగుతాయి. గోదావరి సముద్రంలో కలిసే చోట, హోప్ ఐలాండ్ ఇసుకల్లో, జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లకు వస్తాయి. కోస్తా పొడవునా అటవీ శాఖ పొదిగించే కేంద్రాల దగ్గర గుడ్లను తెచ్చి పాతేదీ, పిల్లలను సముద్రంలోకి వదిలేదీ ఎక్కువగా మత్స్యకారులే. ఒక సీజన్ వాళ్ల వెనక నడిచి, గూళ్లు, గుడ్లు, వలల్లో పడి చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లు తేదీల వారీగా రాయడం నేర్చుకోవచ్చు. విదేశీ ప్రాజెక్టు దరఖాస్తులో మీకు ఏ పని వచ్చు అని అడిగే గడి దగ్గర అప్పుడు రాయడానికి నిజమైన జవాబు ఉంటుంది.